సిగార్ డబ్బాలో దొరికిన పాత అమెరికన్ ఎలక్షన్ బటన్లు: ఏది అరుదు, ఏది నకలు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో సామానంతా అమ్మేసే అమ్మకంలో) 60 డాలర్లకి సిగార్ డబ్బా ఒకటి కొన్నారు, దాన్నిండా పాత ప్రెసిడెంట్ ఎలక్షన్ల బటన్లు, అంటే కోటుకి పిన్నుతో పెట్టుకునే ప్రచారం బ్యాడ్జీలు. మెకిన్లీవి ఉన్నాయి, 1920 కాక్స్-రూజ్‌వెల్ట్ ఇద్దరి ఫోటోలూ ఉన్నది ఒకటుంది, డెబ్స్ ఖైదీ నంబర్ ది ఒకటి, రూజ్‌వెల్ట్‌ని తిడుతూ, 1940లో ఆయన మీద పోటీ చేసిన విల్కీ వాళ్లు వేసినవి కొన్ని, మెక్‌గవర్న్-ఈగల్టన్ ఒకటి, ఇంకా "ఎవరో లోకల్ క్యాండిడేట్లవి, అవి వదిలేయండి" అన్నారు. కాక్స్ బటన్ లక్ష డాలర్లకి పోయిందని నెట్‌లో చూశారు. నిజమేనా, కడిగి అమ్ముకోవచ్చా, లేక ఇదే హాబీగా మొదలెట్టొచ్చా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పేస్తా. మీ కాక్స్-రూజ్‌వెల్ట్ బటన్ దాదాపు ఖాయంగా నకలే. ఫోటో చూడకుండా ఎలా చెప్తావ్ అంటారేమో, అసలువి చాలా కొద్ది మాత్రమే బయట ఉన్నాయి, నకళ్లు మాత్రం గంపలకొద్దీ ఉన్నాయి కాబట్టి. రెండోది, దేన్నీ కడగొద్దు, తుడవొద్దు, ముందు అంచు చూడండి. మూడోది, మీ డబ్బాలో నాలుగు డబ్బులు చేసేది ఏదైనా ఉంటే అది మీరు వదిలేయమన్న ఆ లోకల్ క్యాండిడేట్ల బటన్లలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకో కింద చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు కాక్స్ సంగతి, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. 1920లో డెమొక్రాట్ల తరఫున జేమ్స్ కాక్స్ ప్రెసిడెంట్‌కి, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వైస్ ప్రెసిడెంట్‌కి నిలబడ్డారు. కాక్స్ మీ ఒహాయో గవర్నరే, అవతల గెలిచిన హార్డింగ్ కూడా ఒహాయో వాడే, ఇద్దరూ పేపర్లు నడిపినవాళ్లే. ఆ ఏడాది డెమొక్రాట్ల దగ్గర డబ్బుల్లేవు, ఓడిపోతామని చాలామందికి ముందే తెలుసు, అందుకని ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన వేసిన బటన్లు చాలా తక్కువ కొట్టించారు. ఇలా ఇద్దరి మొహాలున్న బటన్‌ని మా కలెక్టర్లు జూగేట్ అంటారు. ఇప్పుడు అసలు విషయం. 1896 నుంచి ప్రతి ఎలక్షన్‌కీ ఒక్కో పార్టీది ఒక్కో జూగేట్ చొప్పున వరస పూర్తి చేయాలని చూసే కలెక్టర్లు చాలామంది. ఆ వరసలో అందరికీ ఖాళీగా మిగిలే గడి 1920 డెమొక్రాట్లదే. పైగా అందులో ఉన్నది తర్వాత నాలుగుసార్లు గెలిచిన ఎఫ్డీఆర్ (ఆ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టే), అప్పటికి ఆయనకి 38 ఏళ్లు. సరుకు బొత్తిగా లేదు, కావాలనేవాళ్లు బోలెడు, అందుకే ఆ ధర. 1924లో జాన్ డేవిస్, చార్లెస్ బ్రయాన్ జూగేట్‌ది కూడా ఇదే కథ, కాకపోతే ధర అంత పైకి పోదు, అందులో ఎఫ్డీఆర్ లేడుగా.

గమనించారా, పాతది కావడం వల్లో, గెలిచినవాడిది కావడం వల్లో ధర రాలేదు. మెకిన్లీ గెలిచాడు, ఇంకా పాతవాడు, అయినా ఆయన మామూలు బటన్ పది ఇరవై డాలర్లకి ఇవాళ కూడా దొరుకుతుంది. ఎందుకంటే 1896 నాటికే ఈ బటన్లు వెల్లువలా వచ్చాయి. న్యూజెర్సీలో నెవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ ఉండేది, కాగితం మీద బొమ్మ అచ్చేసి, పైన సెల్యులాయిడ్ పొర పరిచి, రేకు మీద బిగించి, వెనక పిన్ను పెట్టే పద్ధతికి పేటెంట్లు వాళ్ల చేతిలో ఉండేవి. ఆ ఏడాది మెకిన్లీకీ విలియం బ్రయాన్‌కీ జరిగిన పోటీ ఈ రకం బటన్లకి మొదటి పెద్ద ఎలక్షన్. అంతకుముందు ఉండేవి వేరే రకాలు, 1860లో లింకన్‌వి రేకు మీద తీసిన చిన్న ఫోటోలు, ఇంకా వెనక్కి పోతే 1789లో వాషింగ్టన్ ప్రమాణస్వీకారానికి కోటుకి కుట్టుకునే ఇత్తడి, రాగి బొత్తాలు. అవి వేరే ప్రపంచం, వేరే ధరలు, మీ డబ్బాలో ఉండవులెండి.

ఇక అంచు. ఒక 10 రెట్ల భూతద్దం కొనుక్కోండి, ఈ హాబీకి అదొక్కటే తప్పనిసరి ఖర్చు. బటన్‌ని బోర్లించి, అంచు వెనక్కి మడత పడే చోట వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి. సెల్యులాయిడ్ బటన్ అయితే కాగితమూ, దాని మీది పారదర్శకమైన పొరా రెండూ లోపలికి మడిచి ఉంటాయి, వాటిని నొక్కి పట్టుకున్న రేకు రింగు విడిగా కనిపిస్తుంది. ఆ పొర అంచు దగ్గర కొద్దిగా పసుపు తిరిగి ఉంటుంది, అక్కడక్కడ వెంట్రుకలా సన్నటి బీటలు కూడా ఉంటాయి. లిథో బటన్ అలా ఉండదు. రేకు మీదే నేరుగా రంగు అచ్చేసి, తర్వాత గుండ్రంగా కొట్టి మడుస్తారు, అంటే కాగితం లేదు, పొర లేదు, రింగు లేదు, రంగే అంచు చుట్టూ తిరిగి లోపలికి పోతుంది, గీత పడిన చోట మెరిసే రేకు కనబడుతుంది.

దీనివల్ల మీకు ఒక్క చూపులో తేలిపోయేది ఒకటుంది. లిథో బటన్లు ఎలక్షన్లలోకి వచ్చిందే సుమారు 1916-20 మధ్యలో. కాబట్టి మెకిన్లీ, బ్రయాన్, పార్కర్, టెడ్డీ రూజ్‌వెల్ట్ (ఈయన వేరే రూజ్‌వెల్ట్) 1904, టాఫ్ట్ 1908, వీళ్లలో ఎవరిదైనా లిథోలో ఉంటే అది నకలు, ఇక చర్చ లేదు. అమెరికన్ ఆయిల్ కంపెనీ 1972లో పాత ఎలక్షన్ బటన్లకి లిథో నకళ్ల సెట్ ఒకటి తెచ్చింది, అంచు మడతలో చిన్న అక్షరాల్లో ఏ-ఓ-1972 అని, పక్కన ఒక నంబర్ ఉంటుంది. అంతకుముందు 1968లో టిష్యూ కాగితాలమ్మే క్లీనెక్స్ వాళ్ల సెట్ ఒకటి, దాని అంచులో ఆ కంపెనీ పేరే ఉంటుంది. ఇవి మోసం చేయడానికి చేసినవి కావు పాపం, సరదా బహుమతులు. కానీ యాభై ఏళ్లు ఎవరి అటక మీదో పడి ఉండి తుప్పు పట్టాక చూస్తే తాతగారి కాలం నాటివిలాగే ఉంటాయి. ఎస్టేట్ సేల్ డబ్బాల్లో నేను చూసే "పాత" బటన్లలో ఎక్కువ శాతం ఈ రెండు సెట్లవే.

అసలు దొంగలు ఎవరంటే ఆ అంచు మీద అక్షరాల్ని గీకేసేవాళ్లు, పైన రంగు పూసేవాళ్లు. ఒకసారి ఒక కలెక్టర్ల షోలో ఒకాయన టేబుల్ మీద మెకిన్లీ బటన్ చూశా, ముందువైపు భలే ఉంది, వయసు తెలిసేలా మాగిన రంగు. తిప్పితే అంచు మొత్తం నల్లబడి ఉంది కానీ ఒకచోట గోరు వెడల్పున మాత్రం తళతళా మెరుస్తోంది. ఏంటండీ ఇది అంటే కోటుకి రాసుకుని అరిగిందన్నాడు. కోటుకి రాసుకుంటే చుట్టూ అరగాలి, లేదా బయట ఉబ్బు అరగాలి, లోపలి మడతలో ఒక్క చోటే ఎలా అరుగుతుంది? పెట్టేసి వచ్చేశా.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1973లో హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ అని వచ్చింది, దాని ప్రకారం పాత రాజకీయ వస్తువుల నకలు తయారుచేస్తే అది తయారైన సంవత్సరం దానిమీద చెరగకుండా వేయాలి. మంచిదే, కానీ అంతకుముందు తయారైన నకళ్లకి అది వర్తించదు, తర్వాత వాటిలోనూ అందరూ పాటిస్తారని ఏం లేదు. కాబట్టి గుర్తు ఉంటే నకలు అని ఖాయం, గుర్తు లేకపోతే అసలు అని మాత్రం కాదు. కొత్తవాళ్లు ఈ రెండో సగం మర్చిపోతారు.

మీ డెబ్స్ బటన్ కూడా ఈ బాపతే అని నా అనుమానం. కథ మాత్రం అద్భుతం. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ 1918 జూన్‌లో మీ ఒహాయోలోనే, కాంటన్‌లో, యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు అరెస్టయ్యాడు, 1920లో అట్లాంటా జైల్లో ఖైదీగా ఉండే ప్రెసిడెంట్‌కి పోటీ చేసి 9 లక్షల పైన ఓట్లు తెచ్చుకున్నాడు. ఖైదీ నంబర్ 9653ని ప్రెసిడెంట్‌గా ఎన్నుకోండి అనే ఆ బటన్ అందరికీ నచ్చేసి తర్వాత ఎన్ని దశాబ్దాల పాటు ఎంతమంది మళ్లీ మళ్లీ కొట్టారో లెక్కలేదు. ఇంత మంచి కథ ఉన్న బటన్ ఏది దొరికినా ముందు అనుమానించడం నాకు అలవాటైపోయింది, కథ బాగుంటే నకలుకి గిరాకీ ఉంటుంది కదా మరి.

దాన్ని పరీక్షించేటప్పుడు భూతద్దంతో అక్షరాల అంచులు, మొహం చూడండి. అప్పట్లో అచ్చు చుక్కలు సన్నగా, తీరుగా ఉంటాయి, కనుబొమ్మల వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి. అసలు బటన్‌ని ఫోటో తీసి దాంట్లోంచి అచ్చేస్తే చుక్కల మీద చుక్కలు పడి అలల్లాగా ఒక డిజైన్ కనపడుతుంది, నీడలున్న చోట్లు ముద్దగా నల్లగా అయిపోతాయి. ఇంక్‌జెట్‌లో కొడితే రంగురంగుల పొడి జల్లినట్టుంటుంది. బ్లాక్ లైట్ (అతినీలలోహిత దీపం) కూడా పనికొస్తుంది, కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడకంలోకి వచ్చింది సుమారు 1950 నుంచే, కాబట్టి 1920 నాటిదని చెప్పే బటన్‌లో కాగితం నీలం తెలుపుగా వెలిగితే నకలని పక్కన పెట్టేయొచ్చు. వెలగకపోతే అసలు అనుకోవద్దు, పాత కాగితం సంపాదించి దానిమీద అచ్చేసేవాళ్లూ ఉంటారు. వెనకవైపు కంపెనీ పేరున్న కాగితం చూసి కూడా మరీ పొంగిపోవద్దు, ఆ కాగితం లోపల దూర్చి పెట్టేదే, డాలర్ విలువ చేయని పాత సబ్బు ప్రకటన బటన్ నుంచి పీకి నకలు వెనక పెడుతుంటారు. కాకపోతే ఒకటి, పిన్నుకి తుప్పు పట్టి ఆ తుప్పు మరక సరిగ్గా ఆ పిన్ను ఆకారంలోనే కాగితం మీద పడి ఉంటే అది నాకు కొంచెం ధైర్యం ఇస్తుంది, ఎందుకంటే ఆ రెండూ చాలాకాలం కలిసి ఉన్నాయన్నమాట.

సూది కాల్చి గుచ్చి చూడమని, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్ అని ఎవరో మీకు కచ్చితంగా చెప్తారు. సెల్యులాయిడ్‌లో కర్పూరం ఉండే మాట నిజమే. కానీ మిగతాది నైట్రో సెల్యులోజ్, భగ్గున అంటుకుంటుంది. దయచేసి చేయకండి.

మెక్‌గవర్న్-ఈగల్టన్ గురించి చాలామంది పొరబడతారు. 1972లో డెమొక్రాట్ల ప్రెసిడెంట్ క్యాండిడేట్ మెక్‌గవర్న్, ఆయన వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ ఈగల్టన్. ఈగల్టన్ డిప్రెషన్‌కి షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్నాడని బయటపడి 18 రోజుల్లోనే టికెట్ (ఇద్దరు క్యాండిడేట్ల జోడీ) నుంచి తప్పుకున్నాడు, ఆయన స్థానంలో సార్జెంట్ శ్రైవర్ వచ్చాడు. 18 రోజులే ఉన్న టికెట్ కదా, బటన్ అరుదై ఉంటుంది అనుకోవడం సహజం. జరిగింది రివర్స్. ఆయన తప్పుకోగానే అందరూ "ఇవి రేపు బంగారం" అని ఉన్నవన్నీ దాచేశారు. ఇప్పుడు కొద్ది డాలర్లకే వస్తాయి. చరిత్రలో అరుదైన సంఘటన వేరు, అరుదైన బటన్ వేరు. విల్కీ బటన్లదీ అంతే, 1940లో రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడుతున్నాడని "మూడో టర్మ్ వద్దు", "మాకు ఎలనోర్ (రూజ్‌వెల్ట్ భార్య) కూడా వద్దు" లాంటి నినాదాలతో కుప్పలుతెప్పలుగా వేశారు. చదవడానికి భలే సరదాగా ఉంటాయి, మొదలుపెట్టేవాళ్లకి నేను ఇచ్చే మొదటి సలహా అవే, చవక కూడా. 1948లో మాత్రం తిరగబడింది చూడండి, అందరూ డ్యూయీ గెలుస్తాడనుకున్నారు, ట్రూమన్ దగ్గర డబ్బు కటకట, అందుకే గెలిచిన ట్రూమన్ మంచి బటన్లే ఓడిన డ్యూయీ వాటికంటే ఖరీదు.

ఇప్పుడు మీరు వదిలేయమన్నవి. మీరు రాసినదాంట్లో "టాఫ్ట్ పక్కన ఇంకెవరో గవర్నర్‌కి పోటీ చేసినాయన బొమ్మ" అని ఒక లైన్ ఉంది చూశారా, దాన్ని ముందు ఒక మెత్తటి గుడ్డలో విడిగా పెట్టండి. ప్రెసిడెంట్ క్యాండిడేట్‌తో పాటు ఒక రాష్ట్రం గవర్నరో, సెనేటరో, కౌంటీ షెరీఫో ఉన్న బటన్లని కోట్‌టెయిల్స్ అంటారు. అవి ఆ ఒక్క రాష్ట్రంలో, ఒక్కోసారి ఒక్క ఊళ్లోనే, కొన్ని వందల్లో కొట్టించి పంచినవి. దేశమంతా పంచిన టాఫ్ట్ బటన్ లక్షల్లో ఉంటే ఇవి కలెక్టర్ల దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండొచ్చు. ఇంకో పెద్ద లాభం, వీటిని నకలు చేసేవాళ్లు చాలా తక్కువ, ఆ పక్కనున్నాయన పేరు ఎవరికీ తెలియదు కాబట్టి ఆ కష్టం ఎవడు పడతాడు. నా దగ్గరున్న వాటిలో నేను ఎవరికీ ఇవ్వనిది ట్రూమన్‌ది, పక్కన ఒక చిన్న రాష్ట్రపు కాంగ్రెస్ క్యాండిడేట్, ఏది తీసుకున్నా డాలరే అనే ట్రేలో హోటల్ సబ్బు ప్రకటనల మధ్య దొరికింది, అమ్మేవాడు ట్రూమన్‌ని చూశాడు గానీ పక్కనాయన్ని చూడలేదు. కోట్‌టెయిల్‌కి ధర చెప్పడం కష్టం, ఆ రాష్ట్రం కలెక్టర్లు ఇద్దరు పంతానికి పోతే వందలు, లేకపోతే ముప్పై డాలర్లు.

కడగడం గురించి. ఒద్దంటే ఒద్దు. సెల్యులాయిడ్ పొరకీ రింగుకీ మధ్య నుంచి తడి లోపలికి దూరితే కాగితం మీద గోధుమరంగు మచ్చలొస్తాయి, ఫాక్సింగ్ అంటారు, వచ్చాక పోదు, ధర సగానికి పైన పడిపోతుంది. మా పక్కింటాయన తండ్రి వదిలి వెళ్లిన బటన్లన్నీ సబ్బు నీళ్లలో నానబెట్టి తళతళలాడించి నాకు చూపించాడు, నెల తిరిగేసరికి టెడ్డీ రూజ్‌వెల్ట్ మొహమంతా చిరుతపులి. నెయిల్ పాలిష్ రిమూవర్ అయితే పొరనే కరిగించేస్తుంది. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము దులపండి, అంతే. తుప్పు పట్టిన పిన్నుని నిటారుగా చేయాలని చూడొద్దు, విరుగుతుంది.

దాచడానికి రైకర్ మౌంట్ అని గాజు మూత, లోపల దూది పరుపు ఉన్న పెట్టెలు దొరుకుతాయి, అవి చాలు. ఎండ తగిలే గోడకి తగిలించొద్దు, ఎరుపు ముందు పోతుంది. అటక వేడి, బేస్‌మెంట్ చెమ్మ, రెండూ చెడ్డవే, మీరుండే గదిలో అల్మరాలో పెట్టండి. మెత్తటి వినైల్ కవర్లలో పెట్టొద్దు, గాలాడకుండా జిప్ కవర్లో బిగించేయొద్దు, పాత సెల్యులాయిడ్ మెల్లగా ఆవిర్లు వదులుతుంది, అవి లోపలే ఉండిపోతే దాన్నే తింటాయి.

హాబీగా మొదలెట్టాలంటే అన్నీ కొనొద్దు, ఒక గిరి గీసుకోండి. మీరున్నది ఒహాయో కాబట్టి మెకిన్లీ, టాఫ్ట్, హార్డింగ్, ఓడిన కాక్స్, నలుగురూ మీ వాళ్లే, బటన్ల కాలం వాళ్లే. కాక్స్ ఒక్కడే ఉన్నవి, ఆయన గవర్నర్‌గా పోటీ చేసినప్పటివి, సామాన్యులు కొనగలిగే ధరలోనే ఉంటాయి, అవి అసలువి కొనుక్కుంటే లక్ష డాలర్ల నకలు పెట్టుకోవడం కంటే మేలు. 1945 నుంచి ఉన్న అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ సంఘంలో చేరండి, వాళ్లు నకళ్ల గురించి వివరంగా రాసి పెట్టారు, వాళ్ల షోలకి వెళ్తే అసలువి చేత్తో పట్టుకోనిస్తారు. పది అసలువి చేత్తో పట్టుకుంటే పదకొండోది నకలైతే వేళ్లకే తెలుస్తుంది, రాతలో నేను ఎంత చెప్పినా అది రాదు.

అమ్మాలనుకుంటే ఈబేలో అడుగుతున్న ధరలు చూడొద్దు, అమ్ముడైపోయినవి అనే ఫిల్టర్ పెట్టి చూడండి, రెండిటికీ పొంతనే ఉండదు. ఖరీదైనది ఏదైనా తేలితే హేక్స్, హెరిటేజ్ లాంటి వేలం సంస్థలకి ఫోటోలు పంపితే చూసి చెప్తారు, కమిషన్ పోతుందని గుర్తుంచుకోండి. నకలని తేలినవి నకలు అని చెప్పే అమ్మండి, ఒకటి రెండు డాలర్లకి పిల్లలు కొనుక్కుంటారు.

టాఫ్ట్ బటన్‌ది ముందు, వెనక, అంచు పక్కనుంచి, మూడు ఫోటోలు పెట్టండి, పక్కన స్కేల్ ఉంచి. 7/8 అంగుళమా, అంగుళంపావా అన్నదాన్నిబట్టి కూడా కొంత తేడా వస్తుంది. ఆ గవర్నర్ క్యాండిడేట్ పేరు చదవగలిగితే అదీ రాయండి, నేను మిగతావాళ్లని అడిగి చెప్తాను.